పడవ పనివాడు ఎవరి మనిషి?

నదుల మీద సరుకు మోసే నౌకకు యజమాని ఒకరు, దాన్ని కిరాయికి తిప్పే రవాణా సంస్థ మరొకటి, దాని మీద తాళ్లు కట్టి లంగరు దించే కళాసీకి జీతమిచ్చే కంపెనీ మూడోది. రైన్, డాన్యూబ్ నదుల మీద, వాటిని కలిపే కాలువల మీద తిరిగే యూరప్ నౌకల్లో ఈ మూడు ముక్కల ఏర్పాటు ఇవాళ మామూలు. సిబ్బందిని నౌక యజమాని తన కొలువులో పెట్టుకోడు. మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ వాళ్లను తన పేర రాసుకుని నౌకకు పంపుతుంది, నెలనెలా బిల్లు వేస్తుంది. దీన్నే అవుట్‌సోర్సింగ్ అంటున్నారు. ఆ కంపెనీ చాలాసార్లు నౌక తిరిగే దేశంలో ఉండదు. ఎక్కడో మధ్యధరా సముద్రంలోని సైప్రస్‌లోనో, రైన్‌కు కొంత దూరాన ఉన్న లక్సెంబర్గ్‌లోనో దాని చిరునామా ఉంటుంది.

పేరు కొత్తది, పద్ధతి పాతది. తెలుగు కూలీ దీన్ని మేస్త్రీ రూపంలో 19వ శతాబ్దం నుంచే ఎరుగును. అది కూడా ఒక నదీ రేవులోనే. పనివాడి జీతానికి, జబ్బుకు, ప్రమాదానికి, ముసలితనానికి పూచీ ఎవరిదన్న ప్రశ్న బర్మాలోని రంగూన్‌లో ఎలా పుట్టిందో తెలిస్తే, యూరప్ న్యాయస్థానాలు ఇప్పుడు ఏం తేల్చుకోవడానికి తంటాలు పడుతున్నాయో సులభంగా బోధపడుతుంది.

బర్మా బియ్యం ఎగుమతి పెరిగిన కొద్దీ గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెల నుంచి కూలీలు రంగూన్‌కు తరలిపోయారు. ఆ నగరాన్ని వాళ్లు రంగం అన్నారు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో పొగ ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటేవాళ్లు. ఇక్కడ కోతలయ్యాక వెళ్లి, అక్కడి మిల్లుల సీజను ముగిశాక తిరిగొచ్చేవాళ్లు కొందరు. ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు మరికొందరు. గోదావరి పాయ మీది కోరంగి రేవు పేరుతో బర్మీయులు తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా తేలారు.

రంగూన్ సముద్రం ఒడ్డున లేదు, నది ఒడ్డున ఉంది. ఎగువ నుంచి వడ్లు పడవల మీద మిల్లులకు దిగేవి. మిల్లు నుంచి బియ్యం బస్తాలు మళ్లీ పడవల్లోకి, అక్కడి నుంచి నది మధ్య లంగరేసిన ఓడల్లోకి ఎక్కేవి. ఈ ఎత్తుడు దింపుడు పనిలో ఎక్కువ భాగం తెలుగు జట్లది. అయితే ఓడ కంపెనీ పుస్తకాల్లో ఒక్క తెలుగు కూలీ పేరూ ఉండేది కాదు. ఓడ కంపెనీ పనిని స్టీవెడోరు, అంటే ఓడ సరుకు ఎక్కించి దింపించే సంస్థకు గుత్తకిచ్చేది. స్టీవెడోరు పెద్ద మేస్త్రీకి అప్పగించేవాడు. పెద్ద మేస్త్రీ కింద చిన్న మేస్త్రీలు, వాళ్ల కింద ముఠా మేస్త్రీలు, ఆ ముఠాల్లో కూలీలు. టన్నుకు ఇంత అని పైన కదిలిన డబ్బు ఒక్కో మెట్టు దగ్గర కొంత తరిగి కిందికి చేరేది. రోజంతా మోసినవాడి చేతికి వచ్చేసరికి అది ఎంత మిగిలిందో పైవాడికి తెలియదు, అసలు ఎంత బయల్దేరిందో కిందివాడికి తెలియదు.

కూలీని ఈ గొలుసుకు కట్టి ఉంచింది బయానా. ఓడ టిక్కెట్టుకు, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డల తిండికి మేస్త్రీ ముందుగా డబ్బు ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ మరో ముఠాకు మారలేడు. జీతం మేస్త్రీ చేతి మీదుగా రావాలి కనుక బాకీ ఎంత తీరిందో చెప్పేదీ మేస్త్రీయే. మేస్త్రీని పూర్తిగా దుర్మార్గుడిగా చిత్రించడం మాత్రం నిజానికి దూరం. చాలామంది మేస్త్రీలు ఆ ఊరివాళ్లే, ఆ కులంవాళ్లే. భాష తెలియని నగరంలో పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం, జ్వరమొస్తే పక్కన మనిషి, చనిపోతే దహనం చేసే దిక్కు అతనే. ఇంటికి కబురు మోసేదీ అతనే. పనిచ్చేవాడు చేయాల్సినవన్నీ మేస్త్రీ చేశాడు. ఆ ఖర్చును కూలీ జీతంలోంచే రాబట్టుకున్నాడు. పనిచ్చేవాడు మాత్రం ఏ ఖర్చూ, ఏ పూచీ లేకుండా లాభపడ్డాడు. ఈ ఏర్పాటు ఎంత గట్టిదంటే, మంచి మేస్త్రీ ఉన్నా చెడ్డ మేస్త్రీ ఉన్నా లాభం చేరే చోటు మారలేదు.

1930 మే నెలలో ఈ గొలుసు తెగిన చప్పుడు లోకానికి వినబడింది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీవెడోరు సంస్థలు వాళ్ల స్థానంలో బర్మీయులను దింపాయి. కొన్ని రోజులకు కూలి కొంత పెంచడానికి ఒప్పుకుని తెలుగు జట్లను తిరిగి పిలిచాయి. పిలిచిన రోజు, మే 26న, ఆ కబురు తెలియని బర్మీయ కూలీలు మామూలుగా పనికి వచ్చారు. ఒకే పనికి రెండు జట్లు రేవులో ఎదురుపడ్డాయి. కొట్లాట నగరమంతా పాకి రోజుల తరబడి సాగింది. అధికారిక లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు సుమారు 120 మంది, గాయపడ్డవాళ్లు సుమారు 900 మంది. వాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లే. దీన్ని చరిత్ర పుస్తకాలు జాతుల మధ్య అల్లరిగా రాస్తాయి. బర్మీయుల్లో పేరుకుపోయిన కోపం అందులో ఉన్నమాట నిజమే. కాని ఆ ఉదయం రెండు జట్లనూ ఒకే గట్టు మీదికి తెచ్చింది, ఎవరికీ నేరుగా జవాబుదారీ లేని నియామక పద్ధతి. తమ పేర ఉన్న మనుషులైతే ఎవరిని రమ్మన్నారో, ఎవరిని వద్దన్నారో ఆ సంస్థలకు ముందురోజే తెలిసి ఉండేది.

ఆ మరుసటి ఏడాది, 1931లో, జె.హెచ్. విట్లీ అధ్యక్షుడిగా ఉన్న రాయల్ కమిషన్ భారత కార్మికుల మీద తన నివేదిక ఇచ్చింది. మిల్లుల్లో నియామకం దళారీ చేతిలో ఉండటమే లంచాలకు మూలమని, ఆ అధికారాన్ని తీసి లేబర్ ఆఫీసర్ల చేతికివ్వాలని అది చెప్పింది. రంగం కూలీలకు ఆ సంస్కరణ ఫలాలు పెద్దగా అందకముందే యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాక, లక్షల మంది భారతీయులు అరకాన్, మణిపురం కొండదారుల్లో నడిచి వచ్చారు, దారిలోనే వేలమంది రాలిపోయారు. ఓడ టిక్కెట్టుకు డబ్బిచ్చి తీసుకెళ్లిన గొలుసులో, తిరిగి ఇంటికి చేర్చాల్సిన బాధ్యత ఏ మెట్టు మీదా రాసి లేదు.

సముద్ర నావికుల విషయంలో లోకం కాస్త ముందే మేల్కొంది. కలకత్తా, బొంబాయి రేవుల్లో లస్కర్లనే భారతీయ నావికులను ఓడ ఎక్కించడానికి ఘాట్ సరంగులనే దళారులు వసూళ్లు చేసేవాళ్లు. 1920లో జెనోవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశం, నావికుడికి పని చూపించి సొమ్ము తీసుకోవడాన్ని వ్యాపారంగా సాగనివ్వకూడదని ఒడంబడిక చేసింది. భారతదేశం 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలో అలాంటి వసూలును నిషేధించింది. ఇప్పుడు ఓడ కంపెనీలకు మనుషుల్ని పంపే ఏజెన్సీకి ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ నుంచి ఆర్పీఎస్ఎల్ అనే లైసెన్సు ఉండాలి. 2006లో ఆమోదం పొందిన సముద్ర కార్మిక ఒడంబడికను భారత్ 2015 అక్టోబరులో స్వీకరించింది. దాని ప్రకారం ఉద్యోగం కోసం నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. వైద్య ధ్రువపత్రం, నావికుడి పుస్తకం, పాస్‌పోర్టు ఖర్చులే అతనివి. శ్రీకాకుళం తీర మండలాల నుంచి ఏటా ఓడల మీదికి వెళ్లే యువకుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసన్నది ఆలోచించదగ్గ విషయం. ఓడ ఉద్యోగం పేరుతో లక్షలు పోగొట్టుకున్న కుటుంబాలు ఆ జిల్లాలో ఉన్నాయి.

అయితే ఆ సముద్ర కార్మిక ఒడంబడిక ఒక గట్టు దగ్గర ఆగిపోతుంది. లోతట్టు జలాల్లో మాత్రమే తిరిగే నౌకలు దాని పరిధిలోకి రావు. అంటే రాటర్‌డామ్ నుంచి బాసెల్ దాకా రైన్ మీద తిరిగే సరుకు నౌక కళాసీకి, పాసావ్ నుంచి బుడాపెస్ట్ దాకా డాన్యూబ్ మీద విహార నౌకలో పడకలు సర్దే పనివాడికి ఆ రక్షణ లేదు. వాళ్లకు దిక్కు యూరప్ దేశాల చట్టాలే.

యూరప్‌లో అవుట్‌సోర్సింగ్ ఎందుకు పెరిగిందో చెప్పేటప్పుడు కంపెనీల లోభాన్ని మాత్రమే చూపిస్తే సగం మాటే అవుతుంది. రైన్ మీద చాలా నౌకలు ఒక్కో కుటుంబానివి. మొగుడూ పెళ్లాం నౌకలోనే కాపురముండి నడుపుకునే ఇళ్లవి. నౌక రోజుకు 14 గంటలు నడిస్తే ఒక లెక్క, 18 గంటలు నడిస్తే ఇంకో లెక్క, 24 గంటలూ నడిస్తే మరో లెక్క ప్రకారం ఇంతమంది సిబ్బంది ఉండాలని రైన్ నిబంధనలు చెబుతాయి. రాత్రింబవళ్లు తిప్పాలంటే రెండు జట్లు కావాలి. రెండు వారాలు నౌకలో, రెండు వారాలు ఇంట్లో అనే వంతు పద్ధతిలో ఆ మనుషులు పోలండ్, చెక్, రుమేనియాల నుంచి వస్తారు. ఒకే ప్రయాణంలో నౌక నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ నేలలను ఒరుసుకుంటూ పోతుంది. ఒక్క నౌక ఉన్న కుటుంబం ఇన్ని దేశాల పన్నులు, బీమా, సెలవుల లెక్కలు రాసుకోలేదు. లెక్కలు రాసి, జబ్బుపడ్డ కళాసీ స్థానంలో మర్నాడే ఇంకొకరిని పంపే కంపెనీ వాళ్లకు నిజంగానే పనికొస్తుంది. విహార నౌకల సంగతి వేరు. అక్కడ వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు సీజను మనుషులు. ఫిలిప్పీన్స్ దాకా వెళ్లి తెచ్చుకుంటారు.

చిక్కంతా సామాజిక భద్రత చందా దగ్గర మొదలవుతుంది. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం ఒక మనిషి ఒకే సమయంలో ఒకే దేశపు బీమా, పింఛను చట్టం కింద ఉండాలి. 2010 మే నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇలా చెబుతుంది: పలు దేశాల్లో పనిచేసేవాడు తన నివాస దేశంలో గణనీయమైన భాగం, మామూలుగా నాలుగో వంతు, పనిచేయకపోతే, అతని యజమాని కార్యాలయం ఉన్న దేశపు చట్టం వర్తిస్తుంది. దీంతో యజమాని కార్యాలయం చిరునామాకు విలువ వచ్చింది. చందా తక్కువగా ఉన్న దేశంలో ఒక గది అద్దెకు తీసుకుని, నౌక సిబ్బందిని ఆ గది పేర రాస్తే ఖర్చు తగ్గుతుంది. పనివాడికి వచ్చే పింఛనూ, జబ్బు భత్యమూ దానితోపాటే తగ్గుతాయి. ఈ రెండో సంగతి అతనికి చాలా ఏళ్ల తర్వాత గాని తెలియదు.

రైన్ దేశాలు ఈ ఎత్తును ముందే ఊహించాయి. 1815 వియన్నా సమావేశం పుట్టించిన రైన్ కమిషన్ 1868 మాన్‌హైమ్ ఒడంబడికతో గట్టిపడి నేటికీ స్ట్రాస్‌బర్గ్ నుంచి పనిచేస్తోంది. దాని ఛాయలోనే 1950లో రైన్ నావికుల సామాజిక భద్రతకు ఒప్పందం కుదిరింది, 1961లో, 1979లో దాన్ని సవరించారు. నౌక ఏ సంస్థదో ఆ సంస్థ ఉన్న దేశపు చట్టమే నావికుడికి వర్తిస్తుందన్నది దాని సారం. మనుషుల్ని పంపిన కంపెనీ ఎక్కడుందన్నది కాదు, నౌకను నడిపించే సంస్థ ఎక్కడుందన్నదే లెక్క. యూరప్ చట్టాలన్నిటిలోకీ పనివాడి పక్షాన నిలిచిన తెలివైన వాక్యమిది. అయినా, ఈ మనిషి మా దేశపు బీమా కింద ఉన్నాడని లక్సెంబర్గ్ ఇచ్చిన ధ్రువపత్రాలు చేతబట్టుకున్న డచ్ నావికుల వ్యాజ్యాలు కోర్టులకెక్కాయి. రైన్ ఒప్పందం కింద ఉన్న నావికుడికి ఇచ్చిన అలాంటి ధ్రువపత్రం మిగతా దేశాలను కట్టిపడేయదని యూరోపియన్ న్యాయస్థానం 2015 సెప్టెంబరు 9న తేల్చింది.

రైన్ దాటితే ఈ రక్షణ లేదు. జర్మనీకి చెందిన ఎ-రోజా కంపెనీ రెండు విహార నౌకలను ఫ్రాన్స్‌లోని రోన్, సోన్ నదుల మీద తిప్పింది. వాటిలో పనిచేసిన 91 మంది సీజను పనివాళ్లు స్విట్జర్లాండ్ శాఖ పేర స్విస్ బీమా ధ్రువపత్రాలతో ఉన్నారు. ఆ నౌకలు ఫ్రాన్స్ నీళ్లు దాటలేదు కనుక చందా ఫ్రాన్స్‌కే కట్టాలని అక్కడి వసూలు సంస్థ 20 లక్షల యూరోలకు పైగా అడిగింది. ధ్రువపత్రం ఇచ్చిన దేశమే దాన్ని రద్దు చేయనంతవరకు మరో దేశపు కోర్టు దాన్ని తోసిపుచ్చలేదని 2017 ఏప్రిల్ 27న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాగితం గెలిచింది. మరుసటి ఏడాది, మోసంతో సంపాదించిన ధ్రువపత్రానికి ఈ రక్షణ ఉండదని ఇంకో కేసులో అదే న్యాయస్థానం ఒక సందు తెరిచింది.

అసలు మలుపు లారీ డ్రైవర్ల కేసులో వచ్చింది. సైప్రస్‌లోని ఏఎఫ్ఎంబీ అనే కంపెనీ నెదర్లాండ్స్ రవాణా సంస్థల డ్రైవర్లను తన ఉద్యోగులుగా రాసుకుంది. లారీలు డచ్ సంస్థలవే, ఎటు వెళ్లాలో చెప్పేదీ అవే. 2020 జూలై 16న న్యాయస్థానం పెద్ద ధర్మాసనం తేల్చిందేమిటంటే, ఒప్పందం కాగితం మీద ఎవరి పేరున్నా, పనివాడి మీద నిజంగా అధికారం చలాయించేదెవరు, అతని జీతం భారాన్ని నిజంగా మోసేదెవరు, అతన్ని నిజంగా తీసేయగలిగేదెవరు, ఆ సంస్థే యజమాని. చక్రాలున్న బండికి చెప్పిన ఈ మాట పడవకు వర్తించదనడానికి కారణం కనబడదు. రంగం రేవులో ఇదే కొలబద్ద పెట్టి ఉంటే మేస్త్రీ మెట్లన్నీ దాటి స్టీవెడోరు గుమ్మం ముందుకు చేరేవాళ్లం.

పని గంటల విషయంలో యూరప్ నదుల మీద స్పష్టమైన గీతలున్నాయి. నౌక యజమానుల సంఘాలు, రవాణా కార్మికుల సమాఖ్య 2012లో కుదుర్చుకున్న ఒప్పందం 2014లో యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ పాటించాల్సిన డైరెక్టివ్ అయింది. ఏడాది సగటున వారానికి 48 గంటలు, ఏ 24 గంటల్లోనైనా 14కు, ఏ ఏడు రోజుల్లోనైనా 84కు మించకూడదు. రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి, అందులో 6 గంటలు తెగకుండా దొరకాలి. వరసగా పనిచేసే రోజులు 31 దాటకూడదు. పని చేసే చోటే నిద్రపోయే మనిషికి ఈ గంటల లెక్క రాసిపెట్టుకోవడం ప్రాణంతో సమానం. అవుట్‌సోర్సింగ్ కంపెనీ కళాసీని ఒక నౌకలో దింపి వెంటనే ఇంకో నౌకకు ఎక్కిస్తే, రెండు నౌకల గంటలను కలిపి చూసేవాళ్లు ఉండరు. అలసిన కళాసీ లాక్‌గేటు దగ్గర తాడు విసిరేటప్పుడు కాలు జారడం మామూలు ప్రమాదం. అర్హతల సంగతి కొంత మెరుగుపడింది. 2017 డైరెక్టివ్ 2022 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చాక యూనియన్ అంతటా ఒకే రకం అర్హత పత్రాలు చెల్లుతున్నాయి. చేతిలో తన పత్రం ఉన్నవాడు కంపెనీ మారగలడు, బయానా ముడి అంతగా బిగియదు.

మన నదుల మీద ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది, సిబ్బందికి అర్హత పత్రాలు తప్పనిసరి చేసింది. అంతకు ముందు 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. సరంగు, కళాసీల శిక్షణ గురించి, ఆ బోట్ల మీద పనిచేసేవాళ్లు ఎవరి కొలువులో ఎంత జీతానికి ఉన్నారన్న ప్రశ్న గురించి అప్పటిదాకా పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నీళ్లు లేని చోట కూడా ఇదే గొలుసు ఉంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు ఆంధ్ర నేల దాదాపు చుట్టూ ఆనుకుని ఉంటుంది, వెంకటమ్మనహళ్లి పరిసర ఊళ్లలో తెలుగు ఇంటింటి మాట. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకినిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడుతుంది. ఇక్కడి కూలీ మేస్త్రీ వెంట బెంగళూరు కట్టడాలకు పోవడం కొత్త కాదు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. రైతుల భూమిని కొనకుండా ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవాడికి కౌలు వస్తుంది. భూమి లేనివాడికి మిగిలింది గడ్డి కోయడం, పలకలు కడగడం, కాపలా కాయడం. ఆ పనులు కాంట్రాక్టర్ల చేతి మీదుగానే వస్తాయి. ప్లాంటు ఒకరిది, కూలి చీటీ ఇంకొకరిది. రైన్ మీద కళాసీ పరిస్థితికీ దీనికీ తేడా నీళ్లది మాత్రమే.

భారత చట్టంలో దీనికి ఒక మంచి మాట ఉంది: ప్రధాన యజమాని. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమానే చెల్లించాలని రాసింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ పూచీని నిలుపుకుంది. కాని 20 మంది ఉంటే వర్తించే గీతను 50కి జరిపింది. గడ్డి కోసే జట్టులో, పలకలు కడిగే జట్టులో 50 మంది అరుదు. కాంట్రాక్టు రద్దయితే ఆ కార్మికులు దానంతటదే సంస్థ ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. కాంట్రాక్టు ఒట్టి నాటకమని రుజువు చేసే భారం కార్మికుడి మీదే పడింది. మనుషుల లెక్కతో సంబంధం లేకుండా, యూరోపియన్ న్యాయస్థానం 2020లో చెప్పిన మూడు గుర్తులతో యజమానిని పట్టుకునే వీలు మన చట్టంలోనూ రావాలి.

యూరప్‌లో నదీ నౌకల మీద పనివాళ్ల కొరత ఉంది, ఆ కబురు ఏజెంట్ల నోట మన ఊళ్లకూ చేరుతుంది. వెళ్లదలచిన యువకుడు సంతకం పెట్టేముందు నౌక ఎవరిదో, జీతం ఏ దేశపు ఖాతా నుంచి వస్తుందో, జబ్బు చేస్తే బీమా ఏ దేశానిదో, తీసేసే అధికారం ఎవరిదో కాగితం మీద రాయించుకోవాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు కనబడాలి. అతను తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినవాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి.